పెళ్లి పరుపు

ట్రాలీ ఆటోలో వెనక్కి తెచ్చి దించిన పరుపు జమీలా దుకాణం వసారాలో అడ్డంగా పడి ఉంది. దానికి కట్టిన ఎర్ర రిబ్బను ఇంకా విప్పనే లేదు.

పున్నమ్మ గేటు దాటి లోపలికి రాలేదు. డెబ్భై ఏళ్ల మనిషి. అమరావతి రోడ్డు మీద గుంటలన్నీ లెక్కపెట్టుకుంటూ పొద్దున్నే ఆటోలో వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు, మంచినీళ్లిస్తే పుచ్చుకోలేదు.

"యలమంద బావ ప్రాణం పోయిన దూది మీద నా మనవరాలికి శోభనం చెయ్యమంటావా జమీలా?" అంది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేదని అక్కడున్న వాళ్లందరికీ అనిపించింది.

"పొరపాటు జరిగిందండీ. మీ పత్తి అట్లాగే ఉంది, వెనక గదిలో. ఒక్క పోగు కూడా పోలేదు" అంది జమీలా.

"మా అబ్బాయి బాపయ్య చేలో మొదటి తీత అది. పెళ్లికూతురు శ్రీరమ్య ఎండలో నిలబడి తన చేత్తో తీసింది. మా ఇంట్లో ఏ ఆడపిల్లయినా పుట్టింటి పత్తి పరుపుతోనే గడప దాటుద్ది. ఆ పత్తి మీ వెనక గదిలో ఉంటే మరి ఈ పరుపులో ఉన్నదేంటి?"

జవాబు అందరికీ తెలుసు. యలమంద అనే పెద్దాయన నిరుడు ఈ దుకాణంలోనే పరుపు కుట్టించుకుని, పోయిన నెలలో దాని మీదే కన్ను మూశాడు. ఏడాది కూడా వాడని దూది పారేయడానికి ఆయన కోడలికి మనసొప్పలేదు. చేలో గదికి రెండు చిన్న పరుపులు కుట్టమని పంపించింది. నిన్న సాయంత్రం వాటి కోసం వచ్చి, వెనక గదిలో మిగిలిన మూట చూసి, "ఇది మాది కాదమ్మా, ఇది అప్పుడే చేలోంచి వచ్చినట్టుంది" అనేసింది. అప్పటికే పెళ్లి పరుపు ఊరు చేరిపోయింది. ఆ కోడలిదీ పున్నమ్మదీ ఒకటే ఊరు, ఒకటే వీధి.

"రేపు సాయంత్రం నాలుగింటికల్లా మీ పత్తితోనే పరుపు తయారుగా ఉంటది. నన్ను నమ్మండి" అంది జమీలా.

పున్నమ్మ కాసేపు ఆ అమ్మాయి ముఖంలోకి చూసింది. పెళ్లి శుక్రవారం. ఇవాళ బుధవారం.

"సారె బండి రేపు సాయంత్రం కదులుద్ది. నాలుగింటికి నేనే వస్తా. లేకపోతే గుంటూరు పోయి ఆ స్పాంజి పరుపేదో కొని పడేస్తాం. ఆ తర్వాత మా చుట్టుపక్కల ఊళ్లలో నీ పరుపు ఎవరు కొంటారో నువ్వే చూసుకో."

ఆమె వెళ్లిపోయాక జమీలా వెనక్కి తిరిగింది. అక్కడ ముగ్గురున్నారు. గోడకు ఆనుకుని మామ హుస్సేన్ సాహెబ్. మెట్ల దగ్గర, కూలికొచ్చి అంచులు కుట్టే కరీమున్. వంటింటి గుమ్మంలో తోడికోడలు జైనాబీ.

జైనాబీ చేతిలో ఉల్లిపాయ ఉంది. సగం తరిగిన ఉల్లిపాయ చేతిలో ఉంటే కళ్లలో నీళ్లకు ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు.

"ఆ మూట బయటికి తెచ్చింది ఎవరు?" అంది జమీలా.

"నేనేనమ్మా. ఒక్క ముడే ఉంది. అందుకే తెచ్చాను" అంది కరీమున్.

దూది ఏకే ఆ ఇంట్లో ముడి అంటే మాట. మామూలు దూది మూటకు ఒక ముడి. చావు జరిగిన పరుపు దూదికి రెండు. రెండు ముళ్ల మూటను పెళ్లి పరుపుల దరిదాపుల్లోకి రానివ్వరు. పోయిన అత్త ఖాదర్‌బీ పెట్టిన కట్టుబాటు అది. ఏకిన తర్వాత దూది దూదిలాగే ఉంటుంది, ఎవరిదో ముఖం మీద రాసుండదు, ముడే చెప్పాలి అనేది ఆవిడ.

"ఒక్క ముడి ఎట్లా ఉంటది పిన్నీ? యలమంద గారి మూట దించుకుని కట్టింది మా అక్క. అత్త దగ్గర పని నేర్చుకున్న మనిషి, చావు దూదికి రెండో ముడి వెయ్యడం మర్చిపోద్దా? నువ్వే తొందరలో ఒకటి విప్పేసుంటావు."

"నేను విప్పలేదమ్మా. నా బిడ్డ మీద ఒట్టు."

"మరి ఎవరు విప్పారు?"

కరీమున్ జైనాబీ వైపు చూసింది. అది నేరం మోపే చూపు కాదు. ఒక్క మాట సాయం అడిగే చూపు.

జైనాబీ ఉల్లిపాయ వైపు చూసుకుంది.

నిజం ఏమిటంటే, రెండో ముడి ఎవరూ విప్పలేదు. అసలు వేయనే లేదు. ఆ రోజు జమీలా గుంటూరు వెళ్లింది. యలమంద కోడలు పంపిన పరుపును జైనాబీయే కోసి, దూదిని నీలం దుప్పట్లో మూటగట్టి, మొదటి ముడి బిగించింది. సరిగ్గా అప్పుడే దుకాణం ముందు కొత్త బోర్డు బిగించేవాళ్లు వచ్చారు. 'జమీలా పరుపులు' అని పసుపు అక్షరాలు, పక్కనే జమీలా ఫోటో. నిచ్చెన పట్టుకునే వాళ్లు లేక జైనాబీనే పిలిచారు. ఆ ముఖం పైకి వెళ్తుంటే కింద నిచ్చెన పట్టుకుని నిలబడింది. ఆ తర్వాత ఎదురుగా నిలబడి, "కొంచెం ఎడమకు" అని కూడా చెప్పింది. లోపలికొచ్చాక ముడి సంగతి గుర్తుకే రాలేదు. పన్నెండేళ్లుగా తను ఊడ్చే గుమ్మం మీద నాలుగేళ్ల కింద వచ్చిన మనిషి పేరు ఎక్కింది. ఆ ఒక్క సంగతే ఆ పూటంతా ఆమెను తినేసింది.

అంతవరకే అయితే మరపు. మరపును దేవుడూ క్షమిస్తాడు, తోడికోడలూ క్షమిస్తుంది.

సోమవారం నాడు కరీమున్ ఆ నీలం దుప్పటి మూటనే పెళ్లి పరుపు గుడ్డ పక్కన దించి విప్పుతుంటే జైనాబీ టీ గ్లాసులు పట్టుకుని ఇదే గుమ్మంలో నిలబడి ఉంది. చూసింది. పోల్చుకుంది. నోరు తెరిచింది కూడా. అప్పుడే ఫోను మోగింది. గుంటూరులో ఏదో ఆడపిల్లల హాస్టలు వాళ్లు నలభై పరుపులు కావాలన్నారట. జమీలా ముఖం వెలిగిపోయింది. ఫోను చెవి దగ్గర పెట్టుకునే, ఇటు తిరగకుండానే, "టీ అక్కడ పెట్టెయ్ అక్కా" అంది.

జైనాబీ టీ అక్కడ పెట్టేసింది. మాట లోపల పెట్టుకుంది.

"రేపట్నుంచి రావద్దు పిన్నీ" అంటోంది జమీలా ఇప్పుడు.

కరీమున్ ఏడవలేదు. "మళ్లీ మిరపకాయల తొడిమలు తీయడానికి పోవాల నేను. ఆ ఘాటుకు నా ఊపిరి ఆడదని నీకు తెలుసు గదమ్మా. ఇక్కడ నీడపట్టున కూర్చుని నాలుగేళ్లు ప్రాణం నిలబెట్టుకున్నా" అంది.

జమీలా ముఖం పక్కకు తిప్పుకుంది. కఠినమైన మనిషి కాదు. నిలువెల్లా భయపడిన మనిషి.

కరీమున్ చెప్పులేసుకుని గేటు తీసుకుని వెళ్లిపోయింది. గేటు మూయలేదు. జైనాబీ వెళ్లి మూసి వచ్చింది. ఆ పూట ఆమె చేసిన పనల్లా అదే.

*

వెనక గదిలో మిషను ఏకిన బాపయ్య చేలో పత్తి గది నిండా తెల్లగా పరుచుకుంది. కొత్త గుడ్డ కత్తిరించి మూడు వైపులా జమీలా మిషను మీద కుట్టేసింది. దూది నింపడం అయింది. మధ్యాహ్నానికి పని ఆగిపోయింది.

అంచు దగ్గర ఆగింది. దూది పరుపుకు అంచే ప్రాణం. చుట్టూ వేలి మందాన దూదిని మడిచి, దబ్బనంతో బిగించి కుట్టుకుంటూ పోవాలి. అది సరిగా లేకపోతే ఆరు నెలల్లో పరుపు చప్పబడి గోనెసంచి అయిపోతుంది. జమీలాకు కొనడం వచ్చు, అమ్మడం వచ్చు, మాటతో రాయినైనా కదిలించడం వచ్చు. అంచు కట్టడం రాదు.

"కరీమున్‌ని పిలిపించనా?" అన్నాడు హుస్సేన్ సాహెబ్.

"ఆమె చెయ్యి పడిందని తెలిస్తే పున్నమ్మగారు పరుపు ముట్టుకోదు మామా."

ముసలాయన గడ్డం గోక్కున్నాడు. తర్వాత వంటింటి వైపు చూసి పిలిచాడు. "అమ్మా జైనా. మీ అత్త తర్వాత ఆ అంచు ఈ ఇంట్లో వచ్చింది నీకొక్కదానికే."

జైనాబీ గుమ్మంలోకి వచ్చింది. నాలుగేళ్ల మాట ఒక్కసారిగా నోటి దాకా వచ్చింది. "మరి ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదే మామా?"

"నేను అడిగాను అక్కా" అంది జమీలా మెల్లగా. "దుకాణం పెట్టిన రోజునే అడిగా. నాకు వంటింట్లోనే సరిపోద్ది అన్నావు."

నిజమే, అడిగింది. జైనాబీ ఆ మాట అన్నదీ నిజమే. రెండోసారి బతిమాలతారని అంది. రెండోసారి ఎవరూ అడగలేదు. అమ్మాయికి అంత తీరిక లేదు. పని ఉంది, కరీమున్‌ని పెట్టుకుంది. జైనాబీ మాత్రం ఆ రెండో పిలుపు కోసం నాలుగేళ్లు కంది పప్పు వేయిస్తూ కూర్చుంది.

జమీలా చెడ్డదైతే ఎంత బాగుండేదో. గుంటూరు వెళ్లినప్పుడల్లా అక్కకు చీర తెస్తుంది. అదీ జైనాబీకి నప్పే రంగే తెస్తుంది. చీర బాగుండటం వల్ల ఇంకా ఒళ్లు మండుతుంది. "మీ తోడికోడలు మగాడిలా నెట్టుకొస్తోందే" అని వీధిలో ఎవరన్నా అంటే నవ్వి, ఇంటికొచ్చి గిన్నెలు గట్టిగా తోముతుంది.

"దబ్బనం ఎక్కడుంది?" అంది జైనాబీ.

*

మొదటి పది టాకాలు పక్కకు పోయాయి. వేళ్లు మర్చిపోయాయి. విప్పింది. మళ్లీ వేసింది. దారానికి మైనం చాలలేదు, మళ్లీ పట్టించింది. ఎడమ బొటనవేలితో దూదిని మడత లోపలికి అదిమి, కుడిచేత్తో దబ్బనం దించి, పళ్లు బిగించి లాగింది.

అరగంటకు ఒక మూల తిరిగింది. మూల నిక్కచ్చిగా నిలబడింది. జైనాబీ దాని మీద అరచెయ్యి వేసి నొక్కి వదిలింది. నొక్కిన చోటు మళ్లీ పైకి లేచింది.

ఆ తర్వాత ఎవరేమన్నదీ ఆమె చెవిన పడలేదు. సాయంత్రం అన్నం జమీలా వండింది. పప్పు మాడింది. మామూలప్పుడైతే ఆ మాడు వాసనకు జైనాబీ మనసు పండగ చేసుకునేది. ఇవాళ తిని లేచి మళ్లీ పరుపు దగ్గర కూర్చుంది. పప్పు మాడిందని మర్నాడు పొద్దున మామ అంటే గాని గుర్తుకు రాలేదు.

గురువారం మధ్యాహ్నానికి మూడు అంచులు అయిపోయాయి. దారం లాగీ లాగీ చూపుడువేలు కోసుకుపోయింది. నాలుగో అంచు మొదలుపెడుతూ ఆమె ఒక విచిత్రం గమనించింది. నిన్న ఈ వేళ నుంచి జమీలాను తలుచుకోలేదు. ఆ పిల్ల ఎవరితో మాట్లాడుతోంది, ఎవరు మెచ్చుకున్నారు, ఎంత నవ్వింది, ఏమీ పట్టించుకోలేదు. నాలుగేళ్లలో ఒక్క పగలు కూడా అంత ఖాళీగా, అంత సుఖంగా గడవలేదు.

తన కుళ్లంతా జమీలా దగ్గర ఉన్నదాని మీద కాదు, తన చేతులు ఊరికే ఉన్నందుకు. ఆ ముక్క ఇప్పటికి తెలిసింది. తెలిసి సంతోషమూ వేసింది, సిగ్గూ వేసింది.

జమీలా వచ్చి పక్కన కూర్చుంది. అంచు మీద వేలు నడిపించి చూసింది.

"కరీమున్ పిన్ని కుట్టు కూడా ఇట్లా ఉండదక్కా."

జైనాబీ దబ్బనం దించింది.

"నేనొకటి అనుకున్నా" అంది జమీలా. "ఇకనుంచి పెళ్లి పరుపులన్నీ నీవే. బోర్డు మీద నీ పేరు కూడా రాయిద్దాం. కరీమున్ పిన్ని ఎట్లాగూ రాదు కదా, ఆ చోటు ఖాళీనే."

కావాలనుకున్నది వచ్చి ఒళ్లో పడింది. ఇంత సులువుగా, ఇంత ప్రేమగా. జైనాబీ దారానికి మళ్లీ మైనం పట్టించడం మొదలుపెట్టింది.

"నీకు ఇష్టం లేదా అక్కా?"

"ఇష్టమే."

"మరి అట్లా ఉన్నావేంటి?"

"కరీమున్ ఎక్కడికి పోయిందో తెలిసిందా?" అంది జైనాబీ.

"పొద్దున మిరపకాయల పనికి పోయిందట. మొదటి గంటలోనే దగ్గు పట్టుకుంటే కూర్చోబెట్టారని మామ చెప్పాడు." జమీలా చీర కొంగు వేలికి చుట్టుకుంది. "నేను మాత్రం ఏం చెయ్యను? ఒక్కళ్ల నిర్లక్ష్యానికి ఇల్లంతా మునగాలా?"

ఇప్పుడు చెప్పొచ్చు. గదిలో ఇద్దరే ఉన్నారు. జైనాబీ దారం తెంపింది. ఇంకో దారం ఎక్కించింది. ఈ అంచు అయ్యాక చెప్తాను అనుకుంది. పరుపు బండి ఎక్కాక చెప్తాను. పెళ్లి అయ్యాక చెప్తాను. ఎన్నాళ్లయినా వాయిదా వేసుకోవచ్చు. అడిగేవాళ్లు లేరు.

జమీలా లేచి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ అక్క కోసుకుపోయిన వేలికి గుడ్డ పీలిక కట్టి వెళ్లింది. ఆ పిల్లతో వచ్చిన చిక్కే అది.

*

నాలుగింటికి పది నిమిషాల ముందే పున్నమ్మ వచ్చింది. ఈసారి గేటు దాటి వసారాలోకి వచ్చింది. పరుపు నిలబెట్టి ఉంది. ఇద్దరు పట్టుకుని చాప మీద పడుకోబెట్టారు.

పున్నమ్మ వంగి, మోకాళ్ల మీద కూర్చుని, చుట్టూ అంచు తడిమింది. ఒక మూల నొక్కి వదిలింది. రెండో మూల దగ్గర కాసేపు ఆగింది.

"ఇది ఎవరు కుట్టారు?"

"మా అక్కండీ" అంది జమీలా. ఆ గొంతులో నిజమైన గర్వం ఉంది. "మా అత్తగారి చేతి కింద నేర్చుకుంది."

"ఖాదర్‌బీ చేతిదే. నా పెళ్లి పరుపు ఆవిడ కుట్టిందే. ఇట్లాగే ఉండేది." పున్నమ్మ తలెత్తి జైనాబీని మొదటిసారి చూసినట్టు చూసింది. నిన్న కూడా ఆ గుమ్మంలోనే ఉంది ఆ మనిషి. నిన్న కనపడలేదు. "ఇంత పని చేతిలో పెట్టుకుని ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావమ్మా?"

ఎన్నేళ్లుగానో వినాలనుకున్న మాట. జమీలాను కాదు, తనను అడుగుతోంది. హుస్సేన్ సాహెబ్ తలపాగా సర్దుకుని నవ్వుతున్నాడు.

ఆటో వాడు వచ్చి పరుపుకు ఒక వైపు చెయ్యి వేశాడు.

"ఉండు" అంది పున్నమ్మ. అంచు మీద చెయ్యి తీయకుండానే అడిగింది. "నా మనసులో ఒకటే ఉంది. మొన్న ఆ తప్పు చేసిన మనిషి చెయ్యి దీని మీద పడలేదు కదా?"

"లేదండీ. ఆవిడ్ని నిన్ననే పంపించేశాను" అంది జమీలా వెంటనే.

"నిన్ను కాదమ్మా. కుట్టిన మనిషిని అడుగుతున్నా."

లేదు అంటే చాలు. రెండక్షరాలు. పరుపు బండి ఎక్కుతుంది, రేపు పెళ్లి జరుగుతుంది, హాస్టలు వాళ్ల నలభై పరుపులు ఉంటాయి, బోర్డు మీద పేరు వస్తుంది. లేదు అంటే కరీమున్ మిరప ఘాటులో దగ్గుతూనే ఉంటుంది. లేదు అన్న నోటితో ఆ కుట్టు నాదని మళ్లీ ఎట్లా అనడం? నిన్నటి నుంచి ఆమె చేతుల్లో పుట్టిన సుఖం ఒక్కసారిగా దొంగ సొమ్ములా తోచింది.

"పడిందండీ" అంది జైనాబీ.

పున్నమ్మ అర్థం కానట్టు చూసింది.

"మొదటి టాకా నుంచి చివరి టాకా దాకా ఆ చెయ్యే కుట్టింది. యలమంద గారి మూటకు రెండో ముడి వెయ్యంది నేను. కరీమున్ కాదు. ఆమెకు ఏమీ తెలియదు."

పున్నమ్మ చెయ్యి పరుపు మీద నుంచి లేచింది.

"మర్చిపోయావా అక్కా?" అంది జమీలా. అవును అనమని బతిమాలుతున్నట్టుంది ఆ గొంతు.

"ముడి మర్చిపోయా. మూట విప్పుతుంటే మాత్రం చూశా. ఆ టీ ఇచ్చిన పూట. చూసి ఊరుకున్నా."

"ఎందుకు?"

ఈ ప్రశ్నకు ఎన్ని అబద్ధాలైనా ఉన్నాయి. జైనాబీకి అన్నీ తెలుసు. ఒక్కటీ వాడబుద్ధి కాలేదు.

"నువ్వు ఓడిపోతే చూడాలనిపించింది జమీలా. నీ మీద అంత కుళ్లు నాకు."

జమీలా కదల్లేదు. నాలుగేళ్లలో ఆ పిల్ల నోరు పెగలకపోవడం జైనాబీ చూడటం ఇదే మొదలు. అది చూస్తే తృప్తిగా ఉంటుందనుకుంది ఒకప్పుడు. ఇప్పుడు అటు చూడలేక పరుపు వైపు తిరిగింది.

"ఈ పరుపు పనికిరాదంటే విప్పేస్తానండీ, మీ పత్తి మీకు అప్పగిస్తాను" అంది పున్నమ్మతో. "పనికొస్తదంటే మాత్రం, ఇది నేను కుట్టిందేనని చెప్పి తీసుకుపోండి."

పున్నమ్మ లేచి నిలబడింది. పరుపు వైపు చూసింది, జైనాబీ వేలికి కట్టిన పీలిక వైపు చూసింది, చివరికి జమీలా వైపు తిరిగింది.

"దుకాణం నీది. నువ్వు చెప్పమ్మా. ఈ మనిషి చేతి పని నా మనవరాలితో పంపించమంటావా?"

నాలుగయింది. అందరూ జమీలా నోటి వైపు చూస్తున్నారు. జమీలా మాత్రం జైనాబీని చూస్తోంది, ఎవరో కొత్త మనిషి ఇంట్లోకి వచ్చినట్టు.

"పరుపు ఎక్కించమంటారా, వద్దా?" అన్నాడు ఆటో వాడు.